ఫాంట్‌లో దాగి ఉన్న అక్షర రూపాలను యూజర్ చేతికి ఇవ్వడం ఎలా?

మంచి ఫాంట్ ఏదైనా తెరిచి చూడండి. కీబోర్డు మీద ఉన్న అక్షరాల కంటే అందులో ఉన్న రూపాలు చాలా ఎక్కువ. మధ్యలో గీత ఉన్న సున్నా, పట్టికలో ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చునే అంకెలు, చిన్న అక్షరాల ఎత్తులో గీసిన ఇంగ్లిష్ పెద్దక్షరాలు, ఒకే అక్షరానికి రెండు మూడు వంపులు. ఇవన్నీ ఎవరో ఓపిగ్గా కూర్చుని గీసినవే. కానీ చాలా సాఫ్ట్‌వేర్లలో వాటిని ఆన్ చేసే దారే కనిపించదు. ఫైల్లో ఉండి కూడా యూజర్‌కి లేనట్టే.

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. లాటిన్ లిపిలో ‘ఎంగ్’ అనే అక్షరం ఉంది. ఆఫ్రికాలోని చాలా భాషలూ, ఉత్తర యూరప్‌లోని సామీ భాషలూ దాన్ని వాడతాయి. అయితే పెద్దక్షరం దగ్గర దారులు వేరవుతాయి. సామీ వాళ్లకి అది పెద్ద ఎన్‌కి తోక పెట్టినట్టుండాలి. ఆఫ్రికా భాషల వాళ్లు చిన్న ఎన్‌నే పెద్దది చేసి తోక పెట్టిన రూపాన్ని ఇష్టపడతారు. యూనికోడ్‌లో రెండింటికీ కోడ్ ఒకటే కాబట్టి ఏ రూపం కావాలన్నది ఫాంట్ ఫీచర్ (ఫాంట్‌లోనే రాసి ఉండే, ఆన్-ఆఫ్ చేయగల ఏర్పాటు) తేల్చాలి. ఆ స్విచ్ మీ యాప్‌లో లేకపోతే ఎవరో ఒకరు తమ భాషను తమది కాని అక్షరంతో చదువుకోవాల్సి వస్తుంది. భాషల మీద పనిచేసే ఎస్‌ఐఎల్ సంస్థ టైప్‌ట్యూనర్ అనే సాధనాన్ని తయారు చేసింది. అందులో కావలసిన రూపాలు ఎంచుకుంటే అవే డిఫాల్ట్‌గా ఉండే కొత్త ఫాంట్ ఫైల్ చేతికొస్తుంది. యాప్‌లో ఒక స్విచ్ లేనందుకు ఫాంట్‌నే మార్చుకోవాల్సి రావడం యూజర్‌కి పెట్టకూడని కష్టం.

మీరు ఎడిటర్, రీడర్, డిజైన్ టూల్, టెర్మినల్ లాంటిది ఏదైనా రాస్తుంటే ఈ పని మీదే. నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీద: యూజర్‌కి ట్యాగుల (ఫీచర్ల పొట్టి సంకేతాల) జాబితా ఇచ్చి వదిలేయకండి. తన టెక్స్ట్‌లో ఏం మారుతుందో చూపించి, ఎంచుకోనివ్వండి.

ఏవి ఇవ్వాలి, ఏవి ముట్టుకోకూడదు

ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫార్మాట్‌ని మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి 1996లో ప్రకటించాయి. 2007లో అది ఐఎస్‌ఓ ప్రమాణం కూడా అయింది. అందులో ప్రతి ఫీచర్‌కీ నాలుగక్షరాల ట్యాగ్ ఉంటుంది. గ్లిఫ్‌ను (ఫాంట్‌లో గీసిన అక్షర రూపాన్ని) మార్చే ఫీచర్లు జీసబ్ టేబుల్లో, గ్లిఫ్ స్థానాన్ని జరిపేవి జీపాస్ టేబుల్లో ఉంటాయి. ప్యానెల్ గీయడానికి కూర్చోక ముందే ఈ ట్యాగుల్ని మూడు గుంపులుగా విడదీసుకోండి.

మొదటి గుంపు తప్పనిసరివి. ‘అక్క’ అని రాస్తే రెండో క వత్తుగా కిందికి దిగడం, ‘క్ష’ ఒక్క ముద్దగా కలవడం, మాట చివర పొల్లు సరిగ్గా పడడం, ఇవన్నీ ఫాంట్ ఫీచర్లు చేసే పనులే. అక్షరం మీద గుర్తుల్ని సరిగ్గా కూర్చోబెట్టే ‘మార్క్’, ‘ఎంకేఎంకే’ ఫీచర్లూ ఇలాంటివే. వీటిని ఆఫ్ చేస్తే లిపే విరిగిపోతుంది. కాబట్టి ఇవి మీ ప్యానెల్లో కనిపించనే కూడదు. ఫాంట్‌లో ఉన్న ట్యాగులన్నీ యథాతథంగా చూపించే ప్యానెళ్లు అక్కడక్కడా ఉన్నాయి. ఆ పద్ధతి పెట్టుకుంటే ఎవరో ఒకరు తెలియక నొక్కుతారు, తెలుగు పేజీ మొత్తం చెదిరిపోతుంది.

రెండో గుంపు డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండేవి: మామూలు లిగేచర్లకు (పక్కపక్క అక్షరాలు ఒకే రూపంగా కలవడానికి) ‘లిగా’, పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చే ‘కాల్ట్’, అక్షరాల మధ్య ఎడం సర్దే ‘కెర్న్’. ఇవి ఆన్‌లోనే ఉండాలి గానీ, ఆఫ్ చేసుకునే వీలు యూజర్‌కి ఉండాలి. ఫిరా కోడ్ లాంటి ఫాంట్లు ప్రోగ్రామింగ్ గుర్తుల్ని కలిపి ఒకే బాణంలా చూపిస్తాయి. కొందరికి అది లేకపోతే తోచదు, కొందరికి అది చూస్తేనే చిరాకు. ఇద్దరూ మీ యూజర్లే.

మూడో గుంపు అడిగితే తప్ప పనిచేయనివి. ప్యానెల్లో ఎక్కువ చోటు వీటిదే. అలంకార లిగేచర్లు, స్మాల్ క్యాప్స్ (చిన్నక్షరాల ఎత్తులో పెద్దక్షరాలు), ఓల్డ్‌స్టైల్ అంకెలు (కిందికీ పైకీ వేలాడేవి), ఒకే వెడల్పు అంకెలు, భిన్నాలు, గీత సున్నా, స్వాష్ రూపాలు (సాగదీసిన అలంకార వంపులున్నవి), ‘ఎస్‌ఎస్‌01’ నుంచి ‘ఎస్‌ఎస్‌20’ దాకా స్టైలిస్టిక్ సెట్లు (ఒకేసారి మారే రూపాల గుంపులు), ‘సీవీ01’ నుంచి ‘సీవీ99’ దాకా క్యారెక్టర్ వేరియంట్లు (ఒక్కో అక్షరానికి వేరే రూపాలు).

ఫాంట్‌ని అడగండి, ఊహించకండి

అన్ని ఫాంట్లకూ ఒకే స్థిరమైన జాబితా చూపిస్తే యూజర్ నొక్కుతూ పోతాడు, ఏమీ మారదు, నాలుగోసారికి నమ్మకం పోతుంది. పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ కొంతవరకు దీన్ని సర్దింది. ఎంచుకున్న ఫాంట్‌లో లేని ఫీచర్ పేరును అది చదరపు బ్రాకెట్లలో చూపిస్తుంది. మీరు ఇంకో అడుగు ముందుకేసి ఫాంట్‌లో ఉన్నవే చూపించవచ్చు.

టెక్స్ట్‌ను గ్లిఫ్‌ల వరసగా మార్చడాన్ని షేపింగ్ అంటారు, ఆ పని చేసే ఇంజిన్లలో హార్ఫ్‌బజ్ ఒకటి. ఇందుకు అందులో సిద్ధంగా ఫంక్షన్లు ఉన్నాయి. జీసబ్, జీపాస్ టేబుళ్లలో ఏ ట్యాగులున్నాయో అవి చెబుతాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఓపెన్‌టైప్‌లో ఫీచర్లు ఫాంట్‌కి నేరుగా వేలాడవు. ముందు లిపి, దాని కింద భాష, ఆ భాష కింద ఫీచర్లు. ఫాంట్‌లో ఎక్కడో ‘స్మాల్ క్యాప్స్’ ఉందంటే అది లాటిన్ కోసం కావచ్చు, యూజర్ సెలెక్ట్ చేసింది తెలుగు కావచ్చు. కాబట్టి సెలెక్షన్‌ని లిపుల వారీగా ముక్కలు చేసి, ప్రతి ముక్క లిపికీ భాషకీ ఏ ఫీచర్లు వర్తిస్తాయో విడిగా అడగండి.

భాష విషయం ఇక్కడే తేల్చుకోండి. సెర్బియన్ ఇటాలిక్‌లో కొన్ని సిరిలిక్ అక్షరాల రూపం రష్యన్‌లో కంటే వేరుగా ఉంటుంది. ‘లోకల్’ అనే ఫీచర్ దాన్ని తనంతట తానే చూసుకుంటుంది, టెక్స్ట్ ఏ భాషదో ఇంజిన్‌కి చెబితే చాలు. యూజర్ టెక్స్ట్ భాషను ఎంచుకునే చోటు మీ యాప్‌లో లేకపోతే ముందు అది పెట్టండి. సగం సమస్యలు ఫీచర్ ప్యానెల్ దాకా రాకుండానే తీరిపోతాయి.

పేర్లు

‘ఎస్‌ఎస్‌03’ అని చూసి అది ఏం చేస్తుందో చెప్పగలిగినవాళ్లు లేరు, ఎందుకంటే ఆ నంబర్‌కి సొంత అర్థం లేదు. ఒక ఫాంట్‌లో అది వేరే ఆకారపు ‘ఎ’ కావచ్చు, ఇంకో ఫాంట్‌లో గుండ్రటి చుక్కలు కావచ్చు. అయితే ఫాంట్ తయారు చేసినవాళ్లు స్టైలిస్టిక్ సెట్‌కి చదవదగిన పేరు పెట్టే ఏర్పాటు ఓపెన్‌టైప్‌లో ఉంది. ఫీచర్‌తో పాటు ఒక నంబర్ ఉంటుంది, ఆ నంబర్ నేమ్ టేబుల్లోని (ఫాంట్‌లో పేర్లుండే పట్టికలోని) పేరును చూపిస్తుంది. క్యారెక్టర్ వేరియంట్లకైతే ఇంకా చాలా ఉండవచ్చు: పేరు, వివరణ, నమూనా టెక్స్ట్, ఒక్కో ప్రత్యామ్నాయానికి విడి పేరు, ఏయే అక్షరాలకు వర్తిస్తుందో జాబితా. ఇంత శ్రమపడి ఫాంట్‌లో రాసిపెట్టినదాన్ని చదవకుండా ‘సెట్ 3’ అని చూపించడం అన్యాయం.

పేరు వెతికే వరస ఇలా పెట్టుకోండి. మొదట మీ యాప్ నడుస్తున్న భాషలో పేరు ఉందేమో చూడండి. లేకపోతే ఇంగ్లిష్ పేరు. అదీ లేకపోతే ‘స్టైలిస్టిక్ సెట్ 3’ అని చూపించి, పక్కనే ఆ సెట్ వల్ల మారే అక్షరాలు నాలుగైదు గీసి చూపండి. బొమ్మ ఉంటే పేరు లేని లోటు పెద్దగా తెలియదు.

అందరికీ ఒకే అర్థం ఉన్న ఫీచర్లకు పేర్లు మీరే రాయాలి. టెక్నికల్ పేరును తిప్పి రాయడం కంటే అది చేసే పని చెప్పండి. ‘టీనమ్’కి ‘ఒకే వెడల్పు అంకెలు’, ‘జీరో’కి ‘గీత సున్నా’, ‘ఫ్రాక్’కి ‘భిన్నాలుగా చూపించు’. అసలు ట్యాగ్‌ను టూల్‌టిప్‌లో ఉంచండి. తెలిసినవాళ్లు దాని కోసమే వెతుకుతారు.

రెండుసార్లు షేప్ చేసి పోల్చండి

ఈ పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. ఫీచర్ ఫాంట్‌లో ఉన్నంత మాత్రాన యూజర్ సెలెక్ట్ చేసిన వాక్యంలో పనిచేస్తుందని లేదు. అంకెలే లేని వాక్యానికి ఒకే వెడల్పు అంకెలు ఆన్ చేస్తే ఏం మారుతుంది?

ఉపాయం తేలికే. సెలెక్ట్ చేసిన టెక్స్ట్‌ను ఇప్పుడున్న సెట్టింగులతో ఒకసారి షేప్ చేయండి. ఒక్క ఫీచర్‌ను తిరగేసి ఇంకోసారి షేప్ చేయండి. షేపింగ్ ఇంజిన్ ఇచ్చే రెండు జాబితాల్లోనూ గ్లిఫ్ నంబర్లు, ఒక్కో గ్లిఫ్ తీసుకునే వెడల్పు, స్థానం పోల్చండి. అన్నీ ఒకటే అయితే ఆ ఫీచర్ ఈ టెక్స్ట్ మీద పనిచేయట్లేదు. ఎక్కడైనా తేడా వస్తే, క్లస్టర్ నంబర్లను (ఏ గ్లిఫ్ టెక్స్ట్‌లో ఏ చోటిదో చెప్పే అంకెలను) బట్టి ఏ అక్షరాల దగ్గర మారిందో కూడా తెలిసిపోతుంది.

వెడల్పు, స్థానం కూడా పోల్చమన్నది ఊరికే కాదు. ‘కెర్న్’ గ్లిఫ్‌ను మార్చదు, జరుపుతుంది. గ్లిఫ్ నంబర్లు మాత్రమే పోల్చి చూస్తే అది ఎప్పుడూ ‘పనిచేయట్లేదు’ అనే తేలుతుంది.

ఈ పోలికతో మూడు పనులు చేయవచ్చు. పనిచేయని ఫీచర్లను మసకగా చూపించండి. పూర్తిగా తీసేయకండి, ఎందుకంటే సెలెక్షన్ మారిన ప్రతిసారీ ప్యానెల్ పెరుగుతూ తరుగుతూ ఉంటే కళ్లకి చిరాకు, వెతుక్కోవడం కష్టం. పనిచేసే ఫీచర్ పక్కన యూజర్ సొంత టెక్స్ట్‌లో మారే మాట ఒకటి తీసుకుని, ముందు రూపం, తర్వాతి రూపం పక్కపక్కన చూపండి. ఏ అక్షరం మారిందో అక్కడ సన్నగా రంగు వేయండి. ఆ తేడా కొన్నిసార్లు ఎంత చిన్నదంటే, ఇన్వాయిస్‌లో 1కి అడుగున ఒక పట్టీ వచ్చి పక్కనున్న 8 ఎంత చోటు తీసుకుంటుందో అదీ అంతే తీసుకుంటుంది. రంగు లేకపోతే యూజర్ దాన్ని పట్టుకోలేడు.

వేగం గురించి టెన్షన్ పడక్కర్లేదు. పెద్ద పత్రం మొత్తాన్ని షేప్ చేయనక్కర్లేదు. సెలెక్షన్‌లోని మొదటి కొన్ని వందల అక్షరాలు, దాంతో పాటు మిగతా భాగంలో కొత్తగా కనిపించే మాటలు కొన్ని చాలు. ప్యానెల్ తెరిచినప్పుడే లెక్కించండి, టైప్ చేసే ప్రతి అక్షరానికీ కాదు. ఫలితాన్ని క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) పెడితే మాత్రం ఆ క్యాష్ కీలో ఫాంట్, లిపి, భాషతో పాటు ఫీచర్ సెట్టింగులు కూడా ఉండాలి. లేకపోతే స్విచ్ నొక్కినా పాత బొమ్మే కనిపిస్తుంది.

చెక్‌బాక్స్ ఎక్కడ సరిపోదు

ఆన్, ఆఫ్ రెండే ఉంటే అంకెల దగ్గరే ఇరుక్కుంటారు. కాన్‌స్టాంటియా, కార్బెల్, కాండారా ఫాంట్లలో డిఫాల్ట్ అంకెలే ఓల్డ్‌స్టైల్. అక్కడ ‘ఓల్డ్‌స్టైల్ అంకెలు’ అన్న చెక్‌బాక్స్ ఖాళీగా ఉండి అంకెలు మాత్రం కిందికీ పైకీ వేలాడుతుంటే యూజర్‌కి ఏం అర్థమవుతుంది? మైక్రోసాఫ్ట్ వర్డ్ 2010లో ఈ ఫీచర్లు తెచ్చినప్పుడు అంకెల రూపానికి మూడు ఎంపికలు పెట్టారు: డిఫాల్ట్, లైనింగ్ (అన్నీ ఒకే ఎత్తు), ఓల్డ్‌స్టైల్. వెడల్పుకీ అలాగే మూడు. సరైన పద్ధతి అదే. ఒకదానికొకటి పొసగని ఫీచర్లను ఒకే గుంపులో పెట్టి, ‘ఫాంట్ ఎలా ఇస్తే అలా’ అనే ఎంపికను మొదట ఉంచండి. లోపల కూడా మూడు స్థితులు దాచండి: చెప్పలేదు, ఆన్, ఆఫ్. ‘చెప్పలేదు’, ‘ఆఫ్’ ఒకటి కాదు. ‘లిగా’కి మొదటిది ఆన్ అని అర్థం, రెండోది యూజర్ కావాలని వద్దన్నాడని.

ఫీచర్ విలువ 0, 1 దగ్గరే ఆగదు. క్యారెక్టర్ వేరియంట్, స్వాష్ లాంటివాటికి 2, 3, 4 కూడా ఉండవచ్చు. ఒక్కో అంకె ఒక్కో ప్రత్యామ్నాయ రూపం. ఇక్కడ డ్రాప్‌డౌన్‌లో అంకెలు పెట్టకండి. ఆ రూపాలనే చిన్న పలకలుగా గీసి పెట్టండి, యూజర్ చూసి నొక్కుతాడు. ఏ గ్లిఫ్‌కి ఎన్ని ప్రత్యామ్నాయాలున్నాయో హార్ఫ్‌బజ్‌ని అడిగితే చెబుతుంది.

భిన్నాల ఫీచర్ మీద విడిగా కన్నేయండి. చాలా ఫాంట్లలో అది పేరా మొత్తానికి వేస్తే పనికిరాదు. 3/4 చక్కగా భిన్నం అవుతుంది, అదే పేరాలో 12/05/2024 అన్న తేదీ కూడా చిన్న చిన్న అంకెలతో గిడసబారిపోతుంది. కాబట్టి అది పేరా స్టైల్లో కాకుండా సెలెక్ట్ చేసిన ముక్కకే వర్తించేలా పెట్టడం మంచిది.

ఇంజిన్‌కి చేరవేయడం

ఈ భాగం అనుకున్నంత కష్టం కాదు, ఎందుకంటే దారి దాదాపు అన్నిచోట్లా వేసే ఉంది. ఆండ్రాయిడ్‌లో 5.0 నుంచి టెక్స్ట్‌వ్యూకి ఫీచర్ సెట్టింగులు ఇవ్వవచ్చు. విండోస్‌లో డైరెక్ట్‌రైట్, ఆపిల్‌లో కోర్ టెక్స్ట్ ఉన్నాయి. పాంగో లైబ్రరీలో 1.38 నుంచి, క్యూటీ లైబ్రరీలో 6.7 నుంచి నేరుగా ఫీచర్లు పెట్టే వీలుంది. హార్ఫ్‌బజ్‌ని సొంతంగా వాడుతుంటే ట్యాగ్, విలువ, మొదలు, చివర అనే నాలుగు వివరాలు ఇస్తే టెక్స్ట్‌లో ఆ భాగానికే ఫీచర్ వర్తిస్తుంది.

వెబ్‌లో రెండు గుంతలున్నాయి. సీఎస్‌ఎస్‌లో ‘ఫాంట్-ఫీచర్-సెట్టింగ్స్’ అనే లక్షణం ఒక ముద్దగా వారసత్వం అవుతుంది. పేజీకంతటికీ గీత సున్నా పెట్టి, లోపల ఒక పట్టికకి ఒకే వెడల్పు అంకెలు అదే లక్షణంతో పెడితే, పట్టికలో గీత సున్నా పోతుంది. అందుకే వీలైన చోటల్లా ‘ఫాంట్-వేరియంట్’ కుటుంబంలోని లక్షణాలు వాడండి, స్టైలిస్టిక్ సెట్ల లాంటివి మాత్రమే ‘ఫాంట్-ఫీచర్-సెట్టింగ్స్’కి వదిలేయండి. రెండోది: అక్షరాల మధ్య ఎడం పెంచినప్పుడు బ్రౌజర్లు ఐచ్ఛిక లిగేచర్లను ఆపేస్తాయి. అది సరైన ప్రవర్తనే. మీరు సొంత ఇంజిన్ రాస్తుంటే మీరూ అదే చేయాలి, లేదంటే విడివిడిగా నిలబడ్డ అక్షరాల మధ్య ఒక జంట మాత్రం అతుక్కుని కనిపిస్తుంది.

యూజర్ ఎంపికను ఎక్కడ, ఎలా దాచాలి

దాచాల్సింది ట్యాగ్, విలువ. మెనూలో ఎన్నో వరస అన్నదీ కాదు, తెర మీద కనిపించిన పేరూ కాదు. ఫాంట్ కొత్త వెర్షన్ వస్తే పేరు మారిపోవచ్చు. లిబ్రేఆఫీస్ ఫాంట్ పేరు తర్వాత కోలన్ పెట్టి ట్యాగులు రాస్తుంది. ఆ పద్ధతి చూడటానికి మొరటుగా ఉన్నా, ఫైల్ ఎక్కడికెళ్లినా సమాచారం ఫాంట్ పేరుతో పాటే వెళ్తుంది. మీ ఫార్మాట్‌లో విడి ఫీల్డు పెట్టగలిగితే ఇంకా మంచిది. ఫైల్ తెరిచినప్పుడు మీకు తెలియని ట్యాగ్ కనిపిస్తే పారేయకండి, సేవ్ చేసేటప్పుడు అలాగే తిరిగి రాయండి.

యూజర్ ఫాంట్ మారిస్తే ఏం చేయాలి? దీనికి రెండు జవాబులు కావాలి. ఒకే వెడల్పు అంకెలు, స్మాల్ క్యాప్స్ లాంటివాటికి అన్ని ఫాంట్లలోనూ అర్థం ఒకటే కాబట్టి అవి కొత్త ఫాంట్‌కీ రావాలి. స్టైలిస్టిక్ సెట్లు, క్యారెక్టర్ వేరియంట్లు రాకూడదు. పాత ఫాంట్‌లో సామీ ఎంగ్ కోసం పెట్టిన నంబర్, కొత్త ఫాంట్‌లో ఇంకేదో అక్షరాన్ని మార్చేయవచ్చు. వాటిని ఫాంట్ పేరుతో ముడిపెట్టి దాచండి. యూజర్ మళ్లీ పాత ఫాంట్‌కి వస్తే అతని ఎంపికలు అక్కడే ఉండాలి.

ఇదే కారణంగా ఫాల్‌బ్యాక్ ఫాంట్ల దగ్గర కూడా జాగ్రత్త. ఎంచుకున్న ఫాంట్‌లో లేని అక్షరాన్ని సిస్టమ్ ఇంకో ఫాంట్‌లోంచి తెచ్చినప్పుడు, ‘ఎస్‌ఎస్‌01’ దానికీ వెళ్లిపోకుండా చూడండి. యూజర్ దాన్ని ఆ ఫాంట్ కోసం ఎంచుకోలేదు.

ఎంపిక వర్తించే పరిధి మీ యాప్ స్వభావాన్ని బట్టి ఉంటుంది. కోడ్ ఎడిటర్, టెర్మినల్, ఈబుక్ రీడర్‌లకు యాప్ మొత్తానికి ఒకే సెట్టింగ్ సరిపోతుంది. విండోస్ టెర్మినల్, కిట్టీ రెండూ ఫాంట్ ఫీచర్లను సెట్టింగుల ఫైల్లో రాసుకోనిస్తాయి. డాక్యుమెంట్ ఎడిటర్‌లో మాత్రం క్యారెక్టర్ స్టైల్, పేరా స్టైల్ రెండింటిలోనూ ఉండాలి. నూరు పేజీల రిపోర్టులో ప్రతి పట్టికనీ విడిగా సెలెక్ట్ చేయమని ఎవరినీ అడగకూడదు. ఎక్కడ పెట్టినా, అన్నిటినీ ఒక్క దెబ్బతో డిఫాల్ట్‌కి తెచ్చే బటన్ తప్పనిసరి.

రీడర్ యాప్ రాసేవాళ్లకు ఒక మాట. ఇంగ్లిష్ పెద్ద ఐ, చిన్న ఎల్, అంకె 1 ఒకేలా కనిపించే ఫాంట్లు చాలా ఉన్నాయి. చూపు తక్కువగా ఉన్నవాళ్లకి అది రోజూ ఎదురయ్యే ఇబ్బంది. ఇంటర్ లాంటి ఫాంట్లలో ఈ మూడింటినీ విడదీసే రూపాలు ముందే ఉన్నాయి. మీ ఫాంట్‌లో అలాంటి ఫీచర్ ఉంటే దాన్ని ‘టైపోగ్రఫీ’ మెనూ అడుగున పాతిపెట్టకుండా, అక్షరాల సైజు మార్చే చోటే, ‘పోలిక ఉన్న అక్షరాలను విడదీయి’ అన్న పేరుతో పైకి తీసుకురండి.

బయటికి పంపే ముందు చూడాల్సినవి

ఫీచర్ మార్చేది గ్లిఫ్‌ను, టెక్స్ట్‌ను కాదు. స్మాల్ క్యాప్స్‌లో ఉన్న మాటను కాపీ చేసి ఇంకో చోట పేస్ట్ చేస్తే టైప్ చేసిన చిన్నక్షరాలే రావాలి. వెతికితే దొరకాలి. స్క్రీన్ రీడర్ మామూలుగా చదవాలి.

పీడీఎఫ్‌లో ఇది ఎక్కువగా దెబ్బతింటుంది. ప్రత్యామ్నాయ గ్లిఫ్‌లకు సాధారణంగా సొంత యూనికోడ్ ఉండదు. మీ ఎక్స్‌పోర్టర్ గ్లిఫ్ నుంచి వెనక్కి అక్షరాన్ని కనుక్కోవాలని చూస్తే ఖాళీలో, చెత్తో వస్తుంది. అసలు టెక్స్ట్‌లోంచే ఆ జోడింపు రాయాలి. స్వాష్ అక్షరాలు, లిగేచర్లు, భిన్నాలు ఉన్న ఒక పేజీని పీడీఎఫ్ చేసి, అందులోంచి కాపీ చేసి చూడండి. లిగేచర్ మధ్యలో కర్సర్ పెట్టగలుగుతున్నారా, అందులో సగం అక్షరాన్నే సెలెక్ట్ చేయగలుగుతున్నారా అన్నది కూడా ఎడిటర్‌లో అప్పుడే పరీక్షించండి.

పరీక్షకు ఫాంట్లు ఎంచుకునేటప్పుడు రెండు చివరలూ తీసుకోండి. ఒక్క ఐచ్ఛిక ఫీచర్ కూడా లేని ఫాంట్ పెడితే ప్యానెల్ ఖాళీ పెట్టెలా కాకుండా ‘ఈ ఫాంట్‌లో అదనపు రూపాలు లేవు’ అని చెప్పాలి. ఎస్‌ఐఎల్ వాళ్ల చారిస్, ఆండికా లాంటి ఫాంట్లు పెడితే క్యారెక్టర్ వేరియంట్లు వరసగా బారులు తీరతాయి. అప్పుడు సెలెక్ట్ చేసిన టెక్స్ట్‌లో పనిచేసేవి పైకి వచ్చి, మిగతావి కింద మసకగా ఉంటున్నాయా? ఒక అక్షరం టైప్ చేసి ప్యానెల్లో వెతికితే దాన్ని మార్చే ఫీచర్లు దొరుకుతున్నాయా? ఆ జాబితా ఫాంట్‌లోనే ఉంటుందని పైన చెప్పుకున్నాం కదా, ఈ వెతుకులాటకి పనికొచ్చేది అదే. పేర్లు లేని స్టైలిస్టిక్ సెట్లున్న ఫాంట్ ఒకటి, నేమ్ టేబుల్లో లేని పేరును చూపించే పాడైన ఫాంట్ ఒకటి కూడా పరీక్ష ఫోల్డర్‌లో ఉంచండి. రెండోదాన్ని తెరిచినప్పుడు యాప్ కూలిపోకుండా ‘స్టైలిస్టిక్ సెట్ 1’ అని రాసి, పక్కన బొమ్మ చూపిస్తే ఆ పరీక్ష పాసైనట్టే.